అక్కడ చూడ్డానికేముంది?

సెలవురోజు పొద్దున్నే హైదరాబాద్ నుంచి బయల్దేరిన కార్లు చేవెళ్ల దాటి మన్నెగూడ చౌరస్తాకు వచ్చేసరికి రెండు పాయలవుతాయి. చాలావరకు కుడివైపుకే మళ్లుతాయి. వికారాబాద్, అనంతగిరి, కోట్‌పల్లి రిజర్వాయరు, రిసార్టులు అన్నీ అటే. నేరుగా పరిగి వైపు సాగేవాటిలో సరదాగా తిరగడానికి వెళ్లేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇక పరిగి దాటి దక్షిణంగా కుల్కచర్ల దాకా పోతున్నామని చెప్పి చూడండి. "అక్కడ చూడ్డానికేముంది?" అంటారు. ఆ వెంటనే రెండో ప్రశ్న కూడా వస్తుంది: "ఏం, భూమి కొంటున్నారా?"

రెండో ప్రశ్న సంగతి రియల్ ఎస్టేట్ వాళ్లకు వదిలేద్దాం. మొదటిదానికి మాత్రం ఏ ఊరూ తనంతట తాను జవాబు చెప్పదు. తాజ్‌మహల్, చార్మినార్ ఉన్న ఊళ్లయితే మనం ఏమీ అనుకోకుండా వెళ్లినా ఏదో ఒకటి చూపించి పంపుతాయి. కుల్కచర్ల, పరిగి, తాండూరు లాంటి ఊళ్లకు ఆ బాధ్యత లేదు. ఏం చూడాలనుకుంటున్నామో మనమే తేల్చుకొని బస్సెక్కాలి. అందుకే తీరికగా తిరగడం నేర్చుకోవాలంటే పేరున్న ఊళ్లకంటే పేరులేని ఊళ్లే మంచి బడి అని నా నమ్మకం.

మొదటి చిక్కు బయట లేదు, ఇంట్లోనే ఉంది. మన ఇళ్లలో ప్రయాణానికి ఒక కారణం ఉండాలి. పెళ్లికి వెళ్లొచ్చు, చావుకు వెళ్లొచ్చు, కోర్టు పనికో ఆసుపత్రికో వెళ్లొచ్చు, మొక్కు తీర్చుకోవడానికి వెళ్లొచ్చు. "ఊరికే వెళ్లొస్తా" అంటే మాత్రం ఎవరికీ మింగుడుపడదు. మగవాళ్లయితే ఎలాగో నెట్టుకొస్తారు. ఇంటి ఆడవాళ్లు ఆ మాటంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. ఈ గండం గట్టెక్కడానికి మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం తీర్థయాత్ర. దాన్ని చిన్నచూపు చూడకండి. తెలుగులో యాత్రా సాహిత్యానికి దారి వేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరింది కాశీకే. 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చేదాకా ఆయన చేసింది దైవదర్శనం ఒక్కటే కాదు. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి గతుకులా నున్నటిదా, దిగడానికి చోటుందా, జనం ఎలా బతుకుతున్నారు అన్నవన్నీ రాసుకుంటూ పోయాడు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది ఆ రాతే. పైకి చెప్పిన కారణం పుణ్యం, లోపల నడిపించింది కుతూహలం.

కుల్కచర్ల మండలంలో మీకు అలాంటి కారణం సిద్ధంగా ఉంది. బండవెల్కిచర్ల దగ్గర పాంబండ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే కదులుతాయి. ఇంట్లో దేవుడి పేరు చెప్పండి, అబద్ధమేమీ కాదు. దండం పెట్టుకున్నాక, అందరూ ప్రసాదం తింటున్నప్పుడు, గుడికి ఆనుకొని ఉన్న బండను నింపాదిగా ఒకసారి చూడండి. ఈ అధ్యాయంలో అసలు పని అక్కడ మొదలవుతుంది.

పని అంటే ఒక ప్రశ్నను వెంట తీసుకెళ్లడం. 'వికారాబాద్ చుట్టూ చూడదగ్గ పది ప్రదేశాలు' అని ఫోన్లో దొరికే జాబితాను కాసేపు పక్కన పెట్టండి. పదింటికీ వెళ్లొచ్చినవాళ్లను సోమవారం పొద్దున అడిగితే ట్రాఫిక్ గురించే చెప్తారు. వెళ్లేముందు ఒక్క ప్రశ్న ఎంచుకోండి, అది చిన్నదిగా ఉండాలి. 'ఈ ప్రాంతపు చరిత్ర ఏమిటి' అన్నది పరీక్ష పేపర్లో ప్రశ్న. 'మా పాత ఇంట్లో పరిచిన నాపబండ ఎక్కణ్నుంచి వచ్చింది' అన్నది బస్సెక్కించే ప్రశ్న. అప్పట్లో ఫ్రాన్సుకు పొరుగునున్న సావోయ్ ప్రాంతపు సైనికాధికారి జేవియర్ ద మేస్త్ర్ ద్వంద్వయుద్ధం చేసిన నేరానికి 1790లో 42 రోజులు గృహనిర్బంధంలో ఉండి, ఆ గదిలోనే మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గోడమీది బొమ్మలకు ప్రయాణం చేసి దాన్నో పుస్తకంగా రాశాడు. మీకు గది కాదు, ఒక జిల్లా మొత్తం ఉంది.

రాతి ప్రశ్నే పట్టుకుందాం. వికారాబాద్ జిల్లాలో ఒకటి రెండు రోజుల్లో మూడు రకాల నేలను దాటొచ్చు. మనలో చాలామంది కిటికీ పక్కన కూర్చొని కూడా ఇది గమనించరు. కుల్కచర్ల వైపు గుండ్రాళ్లు, ఏనుగు వీపుల్లాంటి బండలు కనబడితే అది గ్రానైటు. దక్కను పీఠభూమికి పునాది అది. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి రాయి. చెయ్యి పెట్టి చూస్తే గరుకుగా ఉంటుంది, ఎండలో గులాబీరంగు, తెలుపు, నలుపు పలుకులు మెరుస్తాయి. అక్కణ్నుంచి ఉత్తరంగా వికారాబాద్, అనంతగిరి వైపు వస్తే నేల రంగు మారుతుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి నుంచి పొరలుపొరలుగా ప్రవహించిన లావా గట్టిపడ్డ నల్లరాయి ఇక్కడిదాకా వచ్చింది. దాని మీద యుగాలుగా వాన, ఎండ పనిచేస్తే పైపొర తుప్పురంగుకు తిరిగి, చిల్లులు పడి, లాటరైటు అయింది. అనంతగిరి దారిలో రోడ్డు కోసం గుట్టను కోసినచోట ఆ ఎర్రదనం బాగా కనిపిస్తుంది. ఇంకా పడమరకు, తాండూరుకు వెళ్తే మూడోది: పుస్తకంలో పేజీల్లా పలకలు పలకలుగా ఊడొచ్చే సున్నపురాయి. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రు అది. మన ఇళ్లలో, బడుల వరండాల్లో పరిచిన నాపబండలు పుట్టింది అలాంటి చోటే. పొరుగునే కర్ణాటకలో ఉన్న షాబాదు పేరుతో షాబాద్ బండలనీ, తాండూరు బండలనీ అమ్ముతారు. నీలిరంగువి, పసుపురంగువి రెండూ దొరుకుతాయి.

రాయి మారితే పైనున్నదంతా మారుతుంది. గ్రానైటు మీది ఎర్ర ఇసుకనేలకూ, లావారాయి నుంచి పుట్టిన నల్లరేగడికీ పంటలో పోలికుండదు. గోడ కట్టిన రాయి, పొలం గట్టున పాతిన రాయి, బావి ఒడ్డు కట్టడం, అన్నీ వేరవుతాయి. ఇవన్నీ ముందే చదువుకొని వెళ్లక్కర్లేదు. పొలంలో పనిచేస్తున్న పెద్దమనిషిని "ఈ భూమిలో ఏం బాగొస్తది?" అని అడగండి. పుస్తకంలో పేజీడు చెప్పేది ఆయన నాలుగు ముక్కల్లో చెప్తాడు.

అడగడంలోనూ ఓ పద్ధతి ఉంది. ఊళ్లోకి దిగగానే ఫోన్ తీయకండి. ముందు చాయ్ హోటల్‌కు వెళ్లి చాయ్ చెప్పండి. కొత్త మొహం కనబడితే రెండు నిమిషాల్లో "ఏ ఊరు మీది?" అని వాళ్లే మొదలుపెడతారు. మీ ఊరు చెప్పండి, ఎందుకొచ్చారో నిజమే చెప్పండి. "గిట్లనే, ఈ దిక్కు గుట్టలు చూద్దామని వచ్చినం అన్నా" అంటే మొదట నవ్వుతారు, తర్వాత దారి చెప్తారు. పెద్దావిడను అమ్మా అనో పెద్దమ్మా అనో, మీ ఈడువాళ్లను అన్నా, అక్కా అని పిలిస్తే చాలు. సార్, మేడమ్ అన్నారంటే ఏదో ఆఫీసు నుంచి సర్వేకు వచ్చారనుకుంటారు, ఆ తర్వాత వచ్చే సమాచారమంతా పింఛను దరఖాస్తులానే ఉంటుంది. ఈ చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా ఉన్నాయి. మనిషి ముఖానికి కెమెరా ఎత్తే ముందు అడగడం ఎక్కడైనా మర్యాద, తండాలో మరీ తప్పనిసరి. వద్దంటే వద్దు.

ఇక బస్సు గురించి. కారు ఉన్నా, ఈ తరహా ప్రయాణానికి బస్సే మంచిది. కారులో మాట్లాడేది మన ఇంటివాళ్లే. పరిగి, వికారాబాద్, తాండూరు మూడింటికీ ఆర్టీసీ డిపోలున్నాయి, హైదరాబాద్ నుంచి బస్సులకు కొదవలేదు. కుల్కచర్లకు పరిగిలో మారొచ్చు. ఇక్కడ ఒకే ఒక్క నియమం: దిగగానే మొదటి ప్రశ్న గుడి ఎటు అని కాదు, తిరిగెళ్లే ఆఖరి బస్సు ఎప్పుడని. దాన్నుంచి వెనక్కి లెక్కేసుకొని రోజును పంచుకోండి. పల్లె రూటులో ఆఖరి బస్సు పోతే షేరింగ్ ఆటో దిక్కు, చీకటిపడితే అదీ కష్టమే. రాత్రి బస పరిగిలోనో వికారాబాద్‌లోనో తాండూరులోనో పెట్టుకోండి. కొండ మీదే ఉండాలనుకుంటే అనంతగిరిలో పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

ఆడవాళ్లకు ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడమే. దీని గురించి చర్చ ఎప్పుడూ సర్కారు ఖర్చు చుట్టూ, బస్సుల్లో రద్దీ చుట్టూ తిరుగుతుంది. పుట్టింటికి, ఆసుపత్రికి, పనికి తప్ప బస్సెక్కని మనిషి ఒక మంగళవారం పొద్దున, ఎవరినీ డబ్బులడగక్కర్లేకుండా, పక్క జిల్లా చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, వారం మధ్యలో వెళ్లండి, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. మరుగుదొడ్ల సంగతి మాత్రం పెద్ద బస్టాండులోనే చూసుకోండి. చిన్న ఊళ్లలో ఆ విషయంలో ఆశ పెట్టుకోవద్దు.

మన్నెగూడ దాకా వెళ్లే ఆ రోడ్డు మీద, మొయినాబాద్ దాటాక, రెండు పక్కలా పాత మర్రిచెట్లు వస్తాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టేయకూడదని ఏళ్లపాటు కొట్లాడి, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్లున్నారు. మీరు అక్కడ నిద్రపోకుండా ఉంటే చాలు.

కొండకు వేరే మర్యాదలున్నాయి. అనంతగిరి ఊటీ కాదు. ఎండాకాలం వెళ్లి మంచు కోసం వెతికితే నిరాశే. జూలై నుంచి అక్టోబర్ దాకా మాత్రం ఆ అడవికి సాటి వచ్చేది ఈ దగ్గర్లో లేదు. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం పెట్టారు. మందులు రాని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. నెలల తరబడి ఇక్కడే ఉండి ఈ గాలి పీల్చుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు వ్యూపాయింట్ దగ్గర బండి ఆపి, అర నిమిషం నిలబడి, మొక్కజొన్న పొత్తు కొనుక్కొని పోతున్నాం. కొండ మీద చేయాల్సిన పని ఒకటే, కూర్చోవడం. ఒక గంట ఒకే చోట కూర్చోండి. మొదటి పావుగంట విసుగ్గా ఉంటుంది, చెయ్యి ఫోన్ వైపు పోతుంది. ఆ తర్వాత పిట్టలు మీరున్నారన్న సంగతి మరిచిపోతాయి. స్పీకర్లో పాటలు పెట్టుకొని వచ్చే గుంపు దగ్గర్లో దిగితే లేచి ఇంకో అర కిలోమీటరు నడవండి, వాళ్లు అంత దూరం రారు. కొండ మీది గుడి దగ్గర కోతులుంటాయి, చేతిలో సంచి ఊపుకుంటూ నడవకండి. కోట్‌పల్లిలో పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకొనే ఎక్కండి. చెరువులో, వాగులో ఈతకు మాత్రం దిగొద్దు, ఈత వచ్చినా సరే. తెలియని నీళ్లలో అడుగున ఏముందో ఒడ్డునుంచి కనబడదు.

చిన్న పట్నం తిరగడానికి కొండకంటే ఓపిక ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ 'వ్యూపాయింట్' అనే బోర్డు ఎవరూ పెట్టరు. తాండూరును రైల్లో వెళ్లి చూడమంటాను. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా ఈ లైను 1874లో నడిచింది. బొంబాయి మద్రాసు మార్గంతో నిజాం రాజధానిని కలపడానికి వేసిన దారి ఇది. వికారాబాద్ దాటాక కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ వెళ్లి, స్టేషన్ దిగి బయటికొచ్చి, మాటలు వినండి. ఒకే దుకాణం ముందు తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి వినబడతాయి. సరిహద్దు ఊళ్లలో బేరం ఏ భాషలో మొదలై ఏ భాషలో తెగుతుందో చూడటం ఒక వినోదం. తర్వాత నాపరాయి పాలిషింగ్ యూనిట్లున్న వైపు నడవండి. తడి బండమీద యంత్రం తిరిగే చప్పుడు, రోడ్డు పక్కన కొలతల ప్రకారం పేర్చిన పలకలు, లారీలకెత్తే కూలీలు. లోపలికి రావచ్చా అని అడగండి, రమ్మంటే వెళ్లండి, వాళ్ల పనికి అడ్డం నిలబడకండి. పొద్దున నుంచి బండలు మోసే మనిషి మన సరదాకు వేషం కట్టలేదు. ఆ సున్నపురాయే పక్కనున్న కరన్‌కోట్‌లో సిమెంటు అవుతుంది.

తాండూరుకు రెండో కారణం కంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంట మార్కెట్‌కు వచ్చే చలికాలంలో వెళ్తే యార్డులో కుప్పలు చూడొచ్చు, ఏ కంది ఎందుకు తొందరగా ఉడుకుతుందో ఇద్దరు రైతులు వాదించుకుంటుంటే వినొచ్చు. తిరిగొచ్చేటప్పుడు జ్ఞాపికలంటూ ఏవేవో కొనకండి, రెండు కిలోల పప్పు కొనుక్కోండి. మండల కేంద్రాల్లో వారానికో రోజు అంగడి జరుగుతుంది. ఏ ఊళ్లో ఏ రోజో బస్సు కండక్టర్లకు నోటికొచ్చు, ప్రయాణాన్ని ఆ రోజుకు జరుపుకోండి. అంగట్లో ఒక గంట తిరిగితే ఆ చుట్టూ ఏం పండుతుంది, ఏం పండదు, జనం చేతిలో డబ్బు ఉందా లేదా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చూసింది రాసుకోండి. భావకవిత్వం అక్కర్లేదు. వీరాస్వామయ్య పద్ధతే చాలు: నీళ్లు, నీడ, తిండి, దారి, విన్న ఒక మంచి మాట. ఊరికి అర పేజీ. ఫొటోలు వేలకొద్దీ ఉన్నా ఏ ఊరి చాయ్ బాగుందో రెండేళ్ల తర్వాత ఫోన్ చెప్పలేదు.

పెద్ద నగరానికి ఇదే పద్ధతి పనికొస్తుందా? వస్తుంది, కాకపోతే ప్రశ్న మార్చుకోవాలి. నగరంలో రాయి కాంక్రీటు కింద పడిపోతుంది, అందుకని నీటిని పట్టుకోండి. అనంతగిరి గుట్టల్లో పుట్టే మూసీ తూర్పుకు పోతుంది. ఆ గుట్టల పడమటి వాలు మీద పడ్డ వాన కాగ్నా నదిగా తాండూరు పక్కనుంచి కర్ణాటకకు పోయి భీమలో కలుస్తుంది. భీమ పోయి కృష్ణలో పడుతుంది. మూసీ కూడా చివరికి కృష్ణలోకే. ఒకే గుట్ట మీద విడిపోయిన రెండు చినుకులు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకే నదిలో చేరుతాయి. కొండ మీద ఇది చూశాక హైదరాబాద్‌లో ఇంకో సెలవురోజు గండిపేటతో మొదలుపెట్టండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయం అది, 1920లో పూర్తయింది. అక్కణ్నుంచి పురానాపూల్‌కు రండి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన ఆ వంతెన చార్మినార్ కంటే పెద్దది వయసులో. ఒడ్డు వెంట అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంటుంది. ఆ వరదలో దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఆసుపత్రి కాబట్టి పొద్దున ఓపీ రద్దీలో వెళ్లకండి, సాయంత్రం వెళ్లి, చెట్టు చూసి, తొందరగా బయటికి రండి. దారిలో మూసీ వాసన భరించలేనిదిగా ఉంటుంది. అది కూడా చూడాల్సినవాటిలో భాగమే, ముక్కు మూసుకొని ఆటో ఎక్కకండి.

ఈ ప్రశ్న ఇంకా పూర్తికాలేదనిపిస్తే వచ్చే సెలవుకు మిర్యాలగూడ రైలెక్కండి. అక్కణ్నుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి వెళ్లొచ్చు. మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి ఇంట్లో ఏం చెప్పాలో మీకు తెలుసు.